వానను ఆపిన కాయ

అనగనగా ఒక రాజు. రాజున్నాడు కాబట్టి ఒక రాజ్యం, రాజ్యం ఉంది కాబట్టి ఒక కోట, కోట ఉంది కాబట్టి దాని నిండా సందడి చేసే ముగ్గురు కొడుకులు. రాజు పేరు పద్మసేనుడు. కోట పేరు తుమ్మెదకోట. పెద్దకొడుకు పుట్టినప్పుడు రాజు ఏనుగు మీద ఊరేగుతున్నాడు, అందుకని వాడికి గజసేనుడని పేరు పెట్టారు. నడిపివాడు పుట్టినప్పుడు గుర్రం మీద వేటలో ఉన్నాడు, వాడు తురగసేనుడయ్యాడు. మూడోవాడు పుట్టినప్పుడు రాజు ఎక్కడికీ పోలేదు. ఎలా పోతాడు? బయట కుండపోతగా వాన! అందుకని వాడు మేఘసేనుడయ్యాడు.

ఆ పేరే వాడి ప్రాణం మీదికి వచ్చింది.

ఎందుకంటే ఒక ఏడు వాన పడలేదు. పోనీలే, వచ్చే ఏడు పడుతుందన్నారు. ఆ ఏడూ పడలేదు. మూడో ఏడు కూడా పడకపోయేసరికి చెరువులు నెర్రెలిచ్చాయి, బావుల్లో చేద వేస్తే ఖణేల్మని చప్పుడొచ్చింది. జనం మూటాముల్లె సర్దుకుని ఒక్కొక్క కుటుంబమే పొరుగు రాజ్యానికి పోతున్నారు. మేఘసేనుడు వీధిలోకి వస్తే చాలు, అందరూ వాడి ముఖం వైపు, ఆ తరవాత ఆకాశం వైపు చూసేవాళ్ళు. ఒకరోజు కుమ్మరివాళ్ళ నీలి, ఇంత పిల్ల, దారికి అడ్డం నిలబడి అడిగేసింది.

"మేఘంబాబూ, నీ పేరు మేఘం కదా. మరి కురవవేం?"

ఏం చెబుతాడు పాపం? ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు. ఊరి బాకీ అంతా తన పేరు మీదే ఉన్నట్టు అనిపించింది వాడికి.

అలా ఉండగా ఒకనాడు నిండు కొలువులోకి ఒక సుడిగాలి వచ్చింది. ఆ సుడిగాలిలోంచి ముందు మాటలు వచ్చాయి, ఆ తరవాత గడ్డం వచ్చింది, అన్నిటికన్నా చివర మనిషి వచ్చాడు. వాడు వాగ్జాలుడనే మాంత్రికుడు. నోరు మూసుకుని ఉండటం ఎలాగో వాడికి ఎవరూ నేర్పలేదు. నిద్దట్లో మాట్లాడతాడు, నీళ్ళు తాగుతూ మాట్లాడతాడు, మాట్లాడుతూ మాట్లాడతాడు.

"ఏమయ్యా రాజా! వాన ఏదీ వాన ఏదీ అని వెతుక్కుంటున్నారట? నేనే కట్టేశాను! నా మంత్రంతో మూడుముళ్ళు వేసి కట్టేశాను! ఈ మృగశిర కార్తె వెళ్ళేలోగా విప్పుకోగలిగితే విప్పుకోండి. లేదంటే నీ కిరీటం నాకు, నా గడ్డం దువ్వే పని నీకు!"

సేనాపతి కత్తి దూశాడు. మాంత్రికుడు పడీపడీ నవ్వాడు.

"పొడుచుకో నాయనా, పొడుచుకో. నా ప్రాణం నా దగ్గరుంటే కదా! చిలకలో దాచానేమో అని పంజరాలు వెతకకండి. చిలకలో దాచుకున్న మా తాతలందరూ చచ్చారు. నా ప్రాణం మద్దిచెట్టు మీద కాయలో ఉంది. వెళ్ళండి, కోసుకోండి!"

సుడిగాలి వెళ్ళిపోయింది. వాడి మాటలు మాత్రం ఇంకాసేపు గాలిలో తిరిగి ఆ తరవాత వెళ్ళాయి.

"మద్దికాయే కదా!" అన్నాడు పెద్దవాడు. ఏనుగులు కట్టుకుని మద్దిఅడవికి వెళ్ళాడు. మద్దికాయ మీరెప్పుడైనా చూశారా? గుండ్రంగా ఉండదు. నిలువునా ఐదు రెక్కలుంటాయి. గజసేనుడు ఏనుగుల చేత చెట్లన్నీ ఊపించి, రాలిన కాయలన్నీ తొక్కించాడు. మాంత్రికుడికి కాలిగోరైనా నొప్పి పుట్టలేదు. వాడే వచ్చి, "మోడుగా మారిపో!" అన్నాడు. గజసేనుడు మోడైపోయాడు. ఏనుగులు తలలు వేలాడేసుకుని వాటంతటవే ఇంటికొచ్చాయి.

"తొక్కిస్తే పోతుందా? కాల్చాలి!" అన్నాడు నడిపివాడు. గుర్రాలెక్కి వెళ్ళాడు. ఉన్న కాయలన్నీ ఏరి కుప్పపోసి నిప్పుపెట్టాడు. మాంత్రికుడు ఆ మంటకు చేతులు కాచుకుంటూ వచ్చి, "మోడుగా మారిపో!" అన్నాడు. తురగసేనుడు అన్న పక్కనే మోడైపోయాడు. గుర్రాలు కూడా వాటంతటవే ఇంటికొచ్చాయి.

ఇక మిగిలింది మేఘసేనుడు. ఏనుగులు పెద్దన్నవి, గుర్రాలు చిన్నన్నవి, తన వంతు మేఘాలా, అవి లేవు. కాళ్ళున్నాయి కదా అని నడిచి బయల్దేరాడు. వాళ్ళమ్మ కోటలోని చివరి నీళ్ళు సొరకాయ బుర్రలో పోసి భుజానికి తగిలించింది. "నాయనా, ఇవి పారబోసుకోకు" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఏడు సముద్రాలు దాటాడని చెప్పేదాన్నే గానీ, దారిలో సముద్రాలు లేవు. ఏడు వాగులున్నాయి, ఏడూ ఎండిపోయాయి. కాలు తడవకుండా ఏడు వాగులు దాటాడు. అది సముద్రాలు దాటడం కంటే ఎక్కువ బాధగా అనిపించింది వాడికి.

ఒక వాగులో, పగిలిన బురద సందులోంచి కప్ప ఒకటి తల పైకి పెట్టింది.

"ఎవరయ్యా నువ్వు?"

"మేఘసేనుణ్ణి."

"మేఘమా! మరి ఒక్క చుక్కా కురవవేం?"

మేఘసేనుడు బుర్ర వంచి నీళ్ళు పోశాడు. కప్ప ఒంటినిండా పీల్చుకుని బంతిలా ఉబ్బింది. "ఈ నీళ్ళు నీవే అనుకో, నా దగ్గర దాచానంతే" అంది. ఎగిరి వాడి భుజం మీద కూర్చుంది.

ఇంకో వాగు ఒడ్డున ఉడుత ఒకటి నాలుక బయటపెట్టి పడి ఉంది. పేరు అడిగింది. చెప్పాడు. "మేఘమట! మరి ఒక్క చుక్కా కురవవేం?" అంది. దానికీ పోశాడు. ఉడుత తోక దులుపుకుని రెండో భుజమెక్కింది.

చివరి వాగు దగ్గర తొర్రలోంచి గుడ్లగూబ, "మేఘమట, మేఘం!" అని మూలిగింది. ఇక దాని చేత పూర్తిగా అనిపించుకోవడమెందుకని మిగిలిన నీళ్ళు దాని నోట్లో పోసేశాడు. గుడ్లగూబ సిగ్గుపడింది. "నీకేదైనా మాట ఇవ్వాలే, ఏం ఇవ్వను?" అంది.

"నాకూ తెలీదు. అవసరం వచ్చినప్పుడు అడుగుతాను" అన్నాడు.

బుర్ర ఖాళీ అయింది. కప్ప దూకి దానిలోకి దిగి, "చల్లగా ఉంది, నేను ఇక్కడే ఉంటా" అంది.

అలా మద్దిఅడవి చేరారు. వెంట ఎగిరివచ్చిన గుడ్లగూబ ఒక పైకొమ్మ ఎక్కి నిద్రపోయింది. ఆ అడవిలో నల్లమద్దిచెట్లు. మొసలి వీపులాంటి బెరడు, ఆకాశానికి చేతులు చాచిన కొమ్మలు. ఆకులన్నీ ఎండకు రాలిపోయాయి. కొమ్మల చివర మాత్రం కోడిగుడ్డంత బూడిదరంగు ఉండలేవో గట్టి కాడలతో వేలాడుతున్నాయి. ఏ పిట్టగూళ్ళో అనుకున్నాడు మేఘసేనుడు. వాటి వైపు మళ్ళీ చూడలేదు. మోకాళ్ళ మీద పాకుతూ, అన్నలు వదిలేసిన ఐదు రెక్కల కాయ ఒక్కటైనా దొరుకుతుందేమోనని ఆకులు కెలుకుతున్నాడు. మోడులు రెండు కనిపించాయి. ఒక మోడుకి పెద్దన్న మీసం లాంటి నాచు ఉంది. దాన్ని కావలించుకుని ఏడ్చాడు.

"ఏం దేవులాడుతున్నవ్ బాబూ? మోడును పట్టుకొని ఏడుస్తున్నవేంది?"

తలెత్తి చూశాడు. ఒక అమ్మాయి. మెడలో పూసలదండ, చేతిలో ఇంకో దండ. ఆ దండలో పూసల బదులు ఆ బూడిదరంగు ఉండలే గుచ్చి ఉన్నాయి. ఆమె పేరు రంగసాని. ఆ అడవిలో మద్దిచెట్ల మీద దసలిపురుగులు పెంచి పట్టు తీసేవాళ్ళ గూడెంపెద్ద కూతురు.

"కాయ కోసం" అన్నాడు మేఘసేనుడు. "మద్దిచెట్టు మీది కాయలో మాంత్రికుడి ప్రాణం ఉందట. అది దొరికితేనే మా ఊళ్ళో వాన. మా అన్నలు కాయలన్నీ తొక్కించారు, కాల్చారు. నాకు ఒక్కటీ మిగల్చలేదు."

రంగసాని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు.

"ఓ దొరా! మీరు చెట్టుకు కాసిన కాయను దేవులాడుతున్నరా? మా అడవిల కాయ అంటే అది కాదు. ఇగో, ఇది!" అని చేతిలో దండ వాడి ముఖం ముందు ఊపింది. "దసలికాయ! మద్దిఆకు తిని తిని, పురుగు తన చుట్టూ తనే అల్లుకున్న ఇల్లు. లోపల నిద్రపోతది. గిది మేం కాయ అంటం. మీ మాంత్రికుడు కూడా గీ అడవిల పుట్టినోడే, మా మాటే మాట్లాడిండు."

మేఘసేనుడు నోరు తెరుచుకుని కొమ్మల వైపు చూశాడు. వేలాడుతున్నవన్నీ కాయలే! ఇంత సేపూ నెత్తి మీద వేలాడుతుంటే నేల కెలికాడు.

"మరి వానను ఎందుకు కట్టేశాడు?"

రంగసాని నవ్వు ఆగింది. "గదీ అసలు సంగతి. తొలకరి పడితేనే కాయ మేలుకుంటది, పురుగు రెక్కలతోని బయటికొస్తది. రెక్కలొచ్చిన పురుగుకు నాలుగు రోజులే బతుకు. అందుకే వాన రావద్దు, కాయ పగలవద్దు, వాడు చావద్దు. మా దండలు మూడేండ్ల సంది ఇండ్లల్ల వేలాడుతున్నయి. పురుగులు లేవు, పట్టు లేదు. మా అయ్య రోజూ ఒక్కొక్క కాయను చెవి దగ్గర పెట్టుకొని ఊపి, లోపల ఇంకా పానం ఉన్నదా అని చూస్తడు."

అప్పుడు ఉడుత చెవులు నిక్కబొడుచుకుంది. "చెవి అంటే గుర్తొచ్చింది! అందరికన్నా ముసలి మద్దిచెట్టు పైకొమ్మ మీద ఒక కాయ పగలూ రాత్రీ లొడలొడ వాగుతుంటుంది. దాని దెబ్బకు మా చుట్టాలందరూ చెట్టు ఖాళీ చేశారు."

"అదే!" అన్నారు అందరూ ఒక్కసారి.

ఉడుత సరసరా ఎక్కింది. కొమ్మ కొరికి, కాయతో సహా కిందికి తెచ్చింది. చెవి దగ్గర పెట్టుకుంటే లోపలినుంచి ఆగకుండా సన్నని గొంతు. వానను కట్టే మంత్రం! మేఘసేనుడికి ఒళ్ళు మండింది. కత్తి దూశాడు. ఒక్క వేటు చాలు, అన్నలు లేస్తారు, నీలికి జవాబు చెప్పొచ్చు.

రంగసాని కాయ మీద అరచెయ్యి మూసింది.

"కొయ్యకు దొరా. లోపల పానమున్న విత్తనం కాయను మేం కోయం. దోషమని ఒక్కటే కాదు. కాయను కోస్తే దారం ముక్కలైతది, ఇంక కొస దొరకదు. లోపల మంత్రం సగంల తెగితే వాన ముడి గట్లనే బిగుసుకుంటది. విప్పేటోడు ఉండడు. పురుగు తనంతట తనే రావాలె."

మేఘసేనుడు కత్తి వైపు చూశాడు, కాయ వైపు చూశాడు. ఆ చిన్న అరచెయ్యి వైపు కూడా చూశాడు. కత్తి ఒరలో పెట్టేశాడు. పెట్టడం కష్టంగానే ఉంది గానీ పెట్టేశాడు.

"మరి వాన లేకుండా మేలుకోవడం ఎలా?"

"మూడు గుర్తులు కావాలె. ఒంటికి తడి తగలాలె, ముక్కుకు మట్టివాసన తగలాలె, చెవికి కప్ప అరుపు తగలాలె. అప్పుడు తొలకరి వచ్చిందనుకుంటది."

అందరూ సొరకాయ బుర్రలోకి చూశారు. కప్ప గొంతు సవరించుకుంది. "నీ నీళ్ళు దాచానని చెప్పలేదూ? కడుపునిండా ఉన్నాయి. తడికీ మట్టివాసనకీ అవి చాలు, అరుపంటావా, నా పుట్టుకతో వచ్చిన విద్య" అంది.

ఇంతలో అడవి అంతా గిర్రున తిరిగింది. కాయ చెట్టు దిగగానే తన ప్రాణం కదిలిందని తెలిసి మాంత్రికుడు పరుగెత్తుకొస్తున్నాడు. రంగసాని కాయనూ కప్పనూ తీసుకుని ముసలి మద్ది వెనక్కి దూరింది. మేఘసేనుడు ఒక్కడే చెట్టు ముందు నిలబడ్డాడు. పారిపోతే చెట్టు వెనక రంగసాని దొరికిపోతుంది. యుద్ధం చేస్తే మోడైపోతాడు. మరేం చెయ్యాలి? అప్పుడు వాడికి కొలువులో మాట్లాడుతూ మాట్లాడుతూ వచ్చిన ఆ గడ్డం గుర్తొచ్చింది. ఇలాంటివాణ్ణి ఆపాలంటే ఒకటే మార్గం. మాట్లాడనివ్వాలి!

"వాగ్జాలా!" అని చేతులు జోడించాడు. "నన్ను మోడుని చెయ్యి, కాదనను. చేసేముందు ఒక్క సందేహం. మా పెద్దన్నంతటి వాణ్ణి ఒక్క మాటతో ఎలా మోడు చేశావయ్యా? కోటలో అందరూ అదే ఆశ్చర్యపోతున్నారు."

మాంత్రికుడి ముఖం విప్పారింది. "అందరూనా? చెప్పుకుంటున్నారా? అయితే విను!" అని మొదలుపెట్టాడు. గురువు దగ్గర నేర్చుకున్నది చెప్పాడు, గురువునే మోడు చేసింది చెప్పాడు, మధ్యలో తన చిన్నప్పటి దగ్గు గురించి చెప్పాడు. ఎండ కాస్త వాలింది.

చెట్టు వెనక కప్ప సగం నీళ్ళు కాయ మీద చల్లింది. కాయ తడిసింది.

"ఇక మోడుగా..."

"ఆగాగు! వానను ఎలా కట్టావు? నీళ్ళు కదా, జారిపోవూ?"

"జారతాయా? నా దగ్గరా?" అని ఈసారి కూర్చునే మొదలుపెట్టాడు. మబ్బుల పేర్లు, ముళ్ళ పేర్లు, ముడి వెయ్యడం రాని మిగతా మాంత్రికుల పేర్లు. ఎండ చెట్ల మొదళ్ళలోకి దిగింది. చెట్టు వెనక కప్ప మిగతా నీళ్ళు నేల మీద చల్లింది. కమ్మగా మట్టివాసన లేచింది. రంగసానికి ఆ వాసనకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మూడేళ్ళయింది మరి.

"బెక! బెకబెక!"

మాంత్రికుడు చెవి రిక్కించాడు. "ఏమిటా కప్ప?"

"నీ మాటలకు తాళం వేస్తోంది" అన్నాడు మేఘసేనుడు. "పాపం, దానికీ వినాలని ఉంది. అడవిలో నీ అంత గొప్ప మాటకారి ఇంకెవరున్నారు? నీ కథ మొదటినుంచీ చెప్పు."

మొదటినుంచీ చెప్పమని వాగ్జాలుణ్ణి ఇంతవరకూ ఎవరూ అడగలేదు. తను పుట్టినప్పుడు మంత్రసాని ఏమందో అక్కణ్ణుంచి ఎత్తుకున్నాడు. పొద్దు గుంకింది. మసక వెలుతురు పడింది. చెట్టు వెనక కాయ కొస మెత్తబడి, మెల్లగా తెరుచుకుంది. ముందు రెండు ఈకల్లాంటి మీసాలు వచ్చాయి, ఆ తరవాత తడిసి ముడుచుకున్న రెక్కలు. చూస్తుండగానే అవి విచ్చుకున్నాయి. ఇటుకరంగు రెక్కలు, ఒక్కొక్క రెక్క మీదా అద్దం అతికించినట్టు గుండ్రని కన్ను.

పైకొమ్మ మీద గుడ్లగూబ లేచి ఒళ్ళు విరుచుకుంది. మసక పడగానే రెక్కలపురుగు కనిపిస్తే దానికి ఇంకేం కావాలి? రివ్వున దిగింది.

"మాట!" అని అరిచాడు మేఘసేనుడు. "గుడ్లగూబా, నువ్వివ్వాల్సిన మాట! దాన్ని తినకు!"

గుడ్లగూబ గాలిలోనే ఆగి, రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, చెట్టుకు గుద్దుకుంది. గుద్దుకుంది గానీ మాట నిలబెట్టుకుంది.

మాంత్రికుడికి అప్పటికి అర్థమైంది. ఎగిరి లేచాడు. "మోసం! నువ్వు మోడుగా మా..."

అంతే. ఆ తరవాత అక్షరం రాలేదు. ఎందుకు రాలేదో తెలుసా? దసలిపురుగు రెక్కలొచ్చి బయటికొచ్చాక ఏమీ తినదు, తాగదు. తినడానికి దానికి నోరే ఉండదు! ప్రాణానికి నోరు లేకపోతే మాంత్రికుడికి మాత్రం ఎక్కడుంటుంది? ముక్కు కింద అంతా నున్నగా అయిపోయి, గడ్డం ఒక్కటే మిగిలింది. వాగ్జాలుడు తడుముకున్నాడు. పైకి తడిమాడు, కిందికి తడిమాడు, గడ్డంలో వెతికాడు. నోరు లేదు.

నోరు లేదు, మంత్రం లేదు. మంత్రం లేదు, ముడి లేదు. ఆకాశంలో ఎక్కడో ఒక మూట ఊడినట్టు చప్పుడైంది. ఒక చినుకు మేఘసేనుడి ముక్కు మీద పడింది. ఇంకోటి రంగసాని బుగ్గ మీద పడింది. మూడోది ఎక్కడ పడిందో ఎవరూ చూడలేదు, ఎందుకంటే ఒక్కసారిగా కుండపోత! మోడులు రెండూ ఒళ్ళు విరుచుకుని లేచాయి. పెద్దన్న చెవి వెనక మద్దిచిగురు ఒకటి మొలిచి ఉంది. "ఏనుగులేవిరా?" అన్నాడు కళ్ళు నులుముకుంటూ. మేఘసేనుడు వాళ్ళిద్దర్నీ వాటేసుకుని నవ్వాడు, ఏడ్చాడు. వానలో ఏది ఏదో తెలియలేదు.

మరి మాంత్రికుడు? ఆ పురుగు మగది. ఎక్కడో మూడు కొండల అవతల ఆడపురుగు ఒకటి కాయలోంచి వచ్చి కొమ్మ మీద కూర్చుంది. అంత దూరం నుంచే దాని వాసన పసిగట్టి మగపురుగు ఎగిరింది. దాని వెనకే వాగ్జాలుడు, పిలక పట్టుకుని లాగినట్టు, తడిసిన గడ్డంతో ముళ్ళకంపలు దాటుకుంటూ పరుగు. మూడు కొండలెక్కి మూడు కొండలు దిగాక ఒక మద్దిచెట్టు కింద కూలబడ్డాడు. తను మాట్లాడకుండా కూర్చోవడం అదే మొదలు. ఆకుల మీద వాన చప్పుడు, పిట్టల కూతలు, నీళ్ళ పరుగు, అన్నీ మొదటిసారి విన్నాడు. పురుగు బతికిన నాలుగు రోజులూ అలాగే వింటూ కూర్చున్నాడు. పురుగు రాలినప్పుడు వాడూ కళ్ళు మూశాడు. ఆ ముఖంలో కోపం లేదని చూసిన గూడెంవాళ్ళు చెప్పారు.

గూడెంలో ఇళ్ళల్లో వేలాడే దండలన్నీ మేలుకున్నాయి. మద్దిచెట్లు చిగిరించాయి. చిగుళ్ళ మీద ఆకుపచ్చ దసలిపురుగులు పాకాయి. రంగసాని వాళ్ళయ్య చెట్టు కింద నిలబడి పైకి చూస్తూ గంటలు గడిపాడు.

"మా పిల్లను అడుగుతున్నవ్ గానీ దొరా, ఈ కొత్త పురుగులు అల్లే విత్తనం కాయ పగలనిదే మా రంగసాని పెండ్లి చీర కట్టదు" అన్నాడు మేఘసేనుడితో.

"పగిలే దాకా ఆగడం నాకు నేర్పింది తనే కదా" అన్నాడు మేఘసేనుడు. ఆగాడు. పురుగు ఎగిరిపోయిన ఖాళీ కాయల పట్టు వడికి, తేనెరంగు చీర నేశారు. రంగసాని అదే కట్టుకుని తుమ్మెదకోటకు కోడలై వచ్చింది. అన్నలిద్దరూ, "నువ్వు మమ్మల్ని మోడుల్లోంచి లేపావురా, సింహాసనం నువ్వే ఎక్కు" అన్నారు. పద్మసేనుడు కిరీటం తీసి చిన్నకొడుకు నెత్తిన పెట్టాడు.

ఊరేగింపు రోజున కూడా వానే. అసలు మేఘసేనుడు వచ్చినప్పటినుంచీ వాన విడిస్తే కదా! కుమ్మరివీధి మలుపులో తాటాకు గొడుగు కింద నీలి మళ్ళీ దారికి అడ్డం నిలబడింది.

"మేఘంబాబూ! మేఘంబాబూ!"

ఆ పిలుపు వినగానే మేఘసేనుడు పల్లకీ ఆపించాడు. "ఏం నీలీ?" అన్నాడు.

"ఇక చాలు! మా నాన్న చేసిన కుండలు ఆరటం లేదు. కాసేపు ఆగవా?"

మేఘసేనుడు పల్లకీలోంచి దూకి, ఆ పిల్లను ఎత్తుకుని, వానలో గిరగిరా తిప్పాడు. ఆ తరవాత ఎన్నో ఏళ్ళు రాజ్యం చేశాడు. ఏటేటా తొలకరికి రాజూ రాణీ మద్దిఅడవికి నడిచి వెళ్ళేవాళ్ళు. కాయలు పగిలే దాకా వాళ్ళతో వచ్చినవాళ్ళెవరూ మాట్లాడకూడదు. కొత్త పురుగులు చిగురెక్కాక చెట్టు కింద చెవిపెడితే వేల పురుగులు ఆకు కొరికే చప్పుడు వినపడేది. అచ్చం చినుకులు పడుతున్నట్టే ఉండేదట.

మన కథ మద్దిచెట్టెక్కింది, మనం మంచమెక్కుదాం. ష్... ఇక ఎవరికీ నోరు లేదు.